తిసా గట్టు మీద ఆ ఏప్రిల్

2006 ఏప్రిల్‌లో సెగెద్ ఊళ్లో ఎవరు ఎవరికి ఎదురుపడినా ముందు అడిగే మాట ఒకటే: "ఎంతకొచ్చింది?" రొట్టెల కొట్టు ముందు వరసలో నిలబడ్డవాళ్లు, ట్రాలీబస్సులో పక్క సీటువాళ్లు, మా ల్యాబ్‌లో గాజుసామాను కడిగే ఆవిడ, అందరి నోటా అదే. జవాబు సెంటీమీటర్లలో వచ్చేది. తిసా నది నీటిమట్టం నిన్నెంత, ఇవాళెంత, రేపటికి ఎంతవుతుందని అంచనా, ఈ మూడూ తెలియనివాళ్లు ఊళ్లో లేరు.

నాకా ప్రశ్న చిన్నప్పటినుంచీ తెలుసు. మాది కోనసీమ. శ్రావణ భాద్రపదాల్లో ధవళేశ్వరం దగ్గర ఎన్ని అడుగులుందో రేడియోలో వింటూ పెరిగినవాళ్లం. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చినప్పుడు నేను బడికెళ్లే పిల్లవాణ్ని. మా వీధి వీధంతా పశువులతో, వంటసామానుతో ఏటిగట్టెక్కి కూర్చున్నాం. రాత్రిపూట మగవాళ్లు లాంతర్లు పట్టుకుని గట్టు వెంబడి తిరుగుతూ, ఎక్కడైనా ఊట పెడుతోందేమోనని వంగి వంగి చూడటం నాకింకా గుర్తుంది. ఇరవై ఏళ్ల తర్వాత, భాష కూడా సరిగా రాని దేశంలో, ఆ చూపునే మళ్లీ మనుషుల కళ్లల్లో చూస్తానని అనుకోలేదు.

సెగెద్ హంగేరీకి దక్షిణపు కొసన ఉంటుంది. సెర్బియా, రుమేనియా సరిహద్దులు రెండూ దగ్గరే. లక్షా అరవై వేల జనాభా. యూనివర్సిటీ ఊరు. నేను అక్కడి బయలాజికల్ రీసెర్చ్ సెంటర్‌లో పోస్ట్‌డాక్‌గా చేరాను. ఊరివాళ్లు దాన్ని హంగేరియన్ పొడి అక్షరాలతో ఎస్‌బేకా అంటారు. ఉత్తరం నుంచి దక్షిణానికి పారే తిసాకు కుడివైపున పాత ఊరు, ఎడమవైపున ఊయ్‌సెగెద్, అంటే కొత్త సెగెద్. మా ల్యాబూ, నేనుండే ఇల్లూ కొత్త సెగెద్ వైపే. తూర్పునుంచి వచ్చే మరోష్ నది ఊరికి కాస్త ఎగువన తిసాలో కలుస్తుంది. అంటే మేమున్నది రెండు నదుల మధ్య మూలలో. మ్యాపులో చూస్తే అందంగా ఉంటుంది గానీ వరదొచ్చినప్పుడు ఆ మూల ఎలాంటిదో మా లంకల వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఏడు కార్పాతియన్ కొండల మీద మంచు కరగటం, మార్చి చివరి వానలు ఒకేసారి వచ్చిపడ్డాయి. బుడాపెస్ట్ దగ్గర డాన్యూబ్ ఏప్రిల్ 4న 860 సెంటీమీటర్లకు చేరింది. తిసా వెళ్లి కలవాల్సింది ఆ డాన్యూబ్‌లోనే, సెర్బియాలో. అక్కడ డాన్యూబ్ నిండుగా ఉంటే తిసా నీళ్లకు దారి లేదు. సముద్రం పోటు మీదుంటే మా గౌతమిలో వరద దిగక నిలిచిపోయినట్టే, తిసా నెమ్మదించింది. పైనుంచి తిసా, క్యొరొష్, మరోష్ నీళ్లు వస్తూనే ఉన్నాయి. దాంతో ఒక రోజులో వచ్చి ఒక రోజులో పోయే వరద కాకుండా, వారాల తరబడి గట్టుకు ఆనుకుని నిలిచిన వరద అయింది. అలాంటివే ప్రమాదం. మట్టిగట్టు లోపలంతా నానిపోతుంది.

మా ఇంటావిడ, అంటే నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు, రిటైరైన స్కూలు టీచరు. డెబ్భై దగ్గరపడ్డ మనిషి. నాకు అర్థం కావాలని చిన్నపిల్లలకు చెప్పినట్టు ఆగి ఆగి హంగేరియన్ మాట్లాడేది. 1970 వరదలో ఆవిడ తన విద్యార్థులతో కలిసి గట్టు మీద పనిచేసిందట. ఆ ఏడు నీళ్లు 960 సెంటీమీటర్లకు వచ్చాయి. అప్పటిదాకా సెగెద్ చూసినవాటిలో అదే పెద్దది. వంటింటి తలుపు చెక్కమీద పెన్సిల్‌తో ఒక గీత గీసి ఉండేది. మనవల ఎత్తు కొలిచిన గీతేమో అనుకున్నాను. "గట్టు తెగితే నీళ్లు ఇక్కడిదాకా వచ్చేవని మా ఆయన లెక్కగట్టి గీశాడు, నాయనా. ఇల్లు కొన్న ఏడాదే" అంది. ఆ గీత నా భుజం కంటే పైన ఉంది.

ఈ ఊరివాళ్లు నీళ్లను ఇంత పట్టించుకోవటానికి వెనక 1879 ఉంది.

తిసా మీద గట్లు కట్టటం, వంకరలు కోసి నదిని నేరుగా చేయటం 1846లో మొదలైంది. సెచేని ఇష్ట్వాన్ అనే నాయకుడు పూనుకున్నాడు, వాషార్హెయి పాల్ అనే ఇంజినీరు ప్రణాళిక వేశాడు. మన దగ్గర కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టింది 1847లో. ఒక ఏడాది తేడాతో భూమికి రెండు మూలల రెండు నదుల మీద ఇంజినీర్లు పనికి దిగారన్న సంగతి తెలిసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. తిసా పొడవు నాలుగు వందల కిలోమీటర్లకు పైగా తగ్గింది. లక్షల ఎకరాల చిత్తడినేల సాగులోకొచ్చింది. కానీ ఇదివరకు మైదానమంతా పరుచుకునే వరద గట్ల మధ్య ఇరుక్కుని ఎత్తుకు లేవటం మొదలుపెట్టింది. ఆ ఎత్తుకు సరిపడా గట్లు సెగెద్ చుట్టూ లేవు.

ఊరికి ఉత్తరాన గట్టు అప్పటికే తెగి ఉండగా, 1879 మార్చి 12 తెల్లవారుజామున దాని వెనక ఆసరాగా ఉన్న రైల్వే కట్టా తెగి, చీకట్లో నీళ్లు ఊరిమీద పడ్డాయి. ఊళ్లో 5,700కు పైగా ఇళ్లుండేవి. ఎక్కువ భాగం పచ్చి ఇటుకల గోడలు. నిలబడినవి 300 లోపే. 150 మందికి పైగా చనిపోయారు. అరవై వేలమంది నిలువనీడ లేనివాళ్లయ్యారు. నీళ్లు నెలల తరబడి ఊళ్లోనే నిలిచాయి. చక్రవర్తి ఫ్రాంజ్ యోజెఫ్ పడవలో తిరిగి చూసి, సెగెద్ ఇదివరకటికంటే అందంగా తయారవుతుందని మాటిచ్చాడంటారు. ఆ మాట సెగెద్‌లో చిన్నపిల్లలకు కూడా కంఠతా వచ్చు.

మాట నిలబడింది. తిసా లాయోష్ అనే ఆయన్ని ప్రత్యేక కమిషనర్‌గా వేశారు. లెహ్నర్ లాయోష్ అనే ఇంజినీరు కొత్త ఊరికి పటం గీశాడు. వీధులు మట్టిపోసి ఎత్తు చేశారు. మధ్యలోంచి కిరణాల్లా బయటికి పోయే పెద్ద రోడ్లు, వాటిని కలుపుతూ లోపల ఒక వలయం, బయట ఒక వలయం. ఆ రెండూ దాటాక ఊరంతటినీ చుట్టి ఒక రక్షణ గట్టు. బయటి వలయం రోడ్డును ముక్కలు ముక్కలుగా విడదీసి, ఆపదలో సాయం పంపిన నగరాల పేర్లు పెట్టారు: వియన్నా, మాస్కో, లండన్, పారిస్, బెర్లిన్, బ్రస్సెల్స్, రోమ్. నేను సైకిలు మీద ఆ రోడ్డంతా తిరిగేవాణ్ని. ఆ తర్వాత శత్రువులైనా, యుద్ధాలు చేసుకున్నా, రాజ్యాలు మారినా, కష్టంలో అన్నం పెట్టినవాళ్ల పేర్లు గోడల మీదే ఉన్నాయి. నాకు సెగెద్ మీద గౌరవం కలిగింది మొదట ఆ రోడ్డు మీదే.

ఏప్రిల్ రెండోవారానికి పాత ఊరివైపు నదీతీరపు కింది రోడ్డు పూర్తిగా మునిగింది. మామూలు రోజుల్లో అక్కడ కార్లు నిలుపుతారు. ఒడ్డున కట్టేసిన పడవలు పైకి లేచి లేచి వీధి ఎత్తుకొచ్చాయి. మా వైపు నదిలోపలి మైదానంలో ఉండే స్నానఘట్టం, వారాంతపు కర్ర ఇళ్లు నీళ్లలోకి పోయాయి. కొన్నింటికి కప్పులే కనబడేవి. పాత ఊరివైపు కాంక్రీటు గోడ ఉంది. జనం సాయంత్రాలు దాని వెంట నడుస్తూ, పిల్లల్ని ఎత్తి నీళ్లు చూపించేవాళ్లు. గోడకు ఒక పక్క నది, రెండో పక్క ఐస్‌క్రీం బండ్లు. నది మట్టం రోడ్డు మట్టం కంటే ఎత్తులో ఉందన్నది కళ్లతో చూస్తున్నా మనసు ఒప్పుకోదు.

ఈస్టర్ ఏప్రిల్ 16న వచ్చింది. మర్నాడు సోమవారం మగవాళ్లు ఆడవాళ్లమీద నీళ్లో సెంటో చిలకరించటం అక్కడి ఆచారం. మా ఇంటావిడ మీద నేనూ నాలుగు చుక్కలు చల్లి రంగువేసిన గుడ్డు పుచ్చుకున్నాను. ఆ మధ్యాహ్నమే ల్యాబ్ స్నేహితుడొకడు ఫోన్ చేశాడు: "ఇసుక బస్తాలకు మనుషులు కావాలట, వస్తావా?" ప్యాంటు మడిచి బయల్దేరాను.

ట్రక్కులు ఇసుక గుట్టలు పోసి పోతున్నాయి. యూనివర్సిటీ కుర్రాళ్లు, అమ్మాయిలు, సైనికులు, ముసలివాళ్లు, ఎవరికి వాళ్లే జతలు జతలుగా పనిలో దిగిపోయారు. ఒకరు బస్తా మూతి తెరిచి పడతారు, ఒకరు పారతో పోస్తారు. నిండా పోయకూడదు. మూడింట రెండొంతులు చాలు. నిండా కూరిన బస్తా రాయిలా గుండ్రంగా ఉండి పక్కదానితో అతకదు. సందుల్లోంచి నీళ్లొస్తాయి. కొంచెం వదులుగా ఉంటే పరిచినప్పుడు కాలితో తొక్కగానే చదునై సందు మూసుకుపోతుంది. గోడ కట్టినట్టు కింది వరస అతుకుల మీద పై వరస బస్తా నడుం రావాలి. నాకు వీటిలో ఒక్కటీ ఎవరూ నేర్పక్కర్లేదు. మా నాన్న, మా పెదనాన్న చేయగా చూశాను. నేను మూతి మడిచి కిందికి వేస్తుంటే చూసి, వరసకు మేస్త్రీగా ఉన్న పెద్దాయన "ఎక్కడినుంచి?" అని అడిగాడు. ఇండియా అన్నాను. "అక్కడా నది ఉందా?" అన్నాడు. ఉందన్నాను. ఇంకేమీ అడగకుండా నన్ను పైవరస పరిచేవాళ్ల దగ్గరకి పంపాడు.

ఆ రాత్రే గట్టు లోపలివైపు, అంటే ఊరివైపు, గడ్డిలో ఒకచోట నీళ్లు బుడబుడా ఉబుకుతున్నాయని కేక వినబడింది. టార్చిలైటు వేసి చూస్తే అరచేయంత వెడల్పున నేల ఉడుకుతున్నట్టుంది. బుడగతోపాటు సన్నటి ఇసుక పైకొచ్చి చుట్టూ ఉంగరంలా పేరుకుంటోంది. నీళ్లు తేటగా వస్తే భయం లేదు, వట్టి ఊట. ఇసుకతో వస్తే గట్టు కింద ఎక్కడో మట్టి కొట్టుకొచ్చి సొరంగం పడుతోందన్నమాట. వదిలేస్తే తెల్లారేసరికి గండి. ఇలాంటిచోట కన్నాన్ని మూయటానికి చూడరు. మూస్తే ఆ నీళ్లు ఇంకోచోట పొడుచుకొస్తాయి. దాని చుట్టూ బస్తాలతో బావిలా ఒడ్డు కడతారు. లోపల నీళ్లు ఎత్తుకు లేస్తున్నకొద్దీ వాటి బరువు కింది ఒత్తిడికి ఎదురు నిలుస్తుంది, ఉరవడి తగ్గుతుంది, ఇసుక రావటం ఆగుతుంది. మోకాలెత్తు దాకా కట్టాం. ఇంజినీరు వచ్చి మోకరించి, దోసిట్లో నీళ్లు తీసుకుని దీపం వెలుతుర్లో చూశాడు. తేటగా ఉన్నాయి. లేచి మాతో ఏమీ అనకుండా అందరికీ చెయ్యి కలిపి తర్వాతి చోటికి వెళ్లిపోయాడు. ఒకడు కాపలా ఉండాలి, నీళ్ల రంగు మారితే కేకెయ్యాలి. ఆ కాపలా కొంతసేపు నాకు పడింది. చలి. ఎవరో పెద్దావిడ థర్మాస్‌లోంచి నిమ్మకాయ పిండిన టీ పోసిచ్చింది.

ఏప్రిల్ 21న తిసా సెగెద్ దగ్గర 1009 సెంటీమీటర్లకు చేరింది. 1970 కంటే దాదాపు అర మీటరు ఎక్కువ. ఊరి చరిత్రలో అంత నీరు ఎప్పుడూ రాలేదు. 1879లో ఊరిని మింగిన వరద కూడా 806 సెంటీమీటర్లే. గట్టు నిలబడింది. 23న పార్లమెంటు ఎన్నికల రెండో విడత పోలింగు. మా ఇంటావిడ రబ్బరు బూట్లతోనే వెళ్లి ఓటేసొచ్చింది. నీళ్లు తగ్గటానికి ఇంకా రోజులు పట్టింది. తగ్గాక మిగిలిన బురద వాసన మాత్రం గోదావరి బురద వాసనే.

వరద తర్వాత నేను ఊరిని చూసిన తీరు మారింది. అంతకుముందు డోమ్ తేర్ చౌకులోని జంట శిఖరాల గుడి నాకు ఒక పెద్ద ఇటుకల కట్టడం మాత్రమే. అది 1879 వరద తర్వాత మొక్కుకున్న గుడి. 1913లో మొదలై, మధ్యలో ప్రపంచయుద్ధం అడ్డుపడి, 1930లో పూర్తయింది. శిఖరాలు 91 మీటర్లు. లోపల మేరీమాత మొజాయిక్ బొమ్మకు సెగెద్ ఆడవాళ్లు తొడుక్కునే కుట్టుపని చెప్పులు, భుజాల మీద హంగేరియన్ రైతుల కంబళికోటు. ఆ చెప్పులు చూడటానికే నేను మళ్లీ మళ్లీ వెళ్లేవాణ్ని. మన ఊరి అమ్మవారికి మన నేత చీర కట్టినట్టే అనిపించేది. గుడి చుట్టూ మూడువైపులా ముదురెరుపు ఇటుకల వరండాలు. అవి యూనివర్సిటీ భవనాలు. వేసవిలో ఆ చౌకంతా ఆరుబయట నాటకాలు, ఒపేరాలు జరుగుతాయి. 1931లో మొదలైన పండగ.

ఆ యూనివర్సిటీ కథ నాకు వరద కథకంటే ఎక్కువ పట్టుకుంది. 1872లో అది పుట్టింది సెగెద్‌లో కాదు, కొలోజ్వార్‌లో. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఆ ఊరు రుమేనియాకు పోయింది, ఇప్పుడు క్లుజ్ అంటారు. ప్రొఫెసర్లు పుస్తకాలూ పరికరాలూ చాలావరకు వదిలేసి బయటికొచ్చారు. హంగేరీ మూడింట రెండొంతుల నేల పోగొట్టుకున్న రోజులవి. సెగెద్ తానే కొత్త సరిహద్దు మీద పడి, వ్యాపారమూ రైలుమార్గాలూ తెగిపోయి ఉంది. అలాంటి ఊరు 1921లో ఆ నిలువనీడ లేని యూనివర్సిటీని రమ్మంది. ఒక స్కూలు భవనం, ఒక ఆఫీసు, ఏది ఖాళీగా ఉంటే అది ఇచ్చింది. ఊరు ఒకప్పుడు తానే వీధినపడ్డది కాబట్టి వచ్చినవాళ్ల సంగతి దానికి తెలిసిందని నేను నమ్ముతాను. విద్యామంత్రి క్లేబెల్స్‌బెర్గ్ కూనో డబ్బు తెచ్చి క్లినిక్‌లు, డోమ్ తేర్ భవనాలు కట్టించాడు. ఆయన సమాధి ఆ గుడి నేలమాళిగలోనే ఉంది.

వచ్చినవాళ్లు సామాన్యులు కారు. గణితం చదివినవాళ్లకు రీస్ ఫ్రిజెష్, హార్ ఆల్ఫ్రెడ్ పేర్లు చెప్పక్కర్లేదు. ఇద్దరూ కొలోజ్వార్ నుంచి వచ్చి 1922లో సెగెద్ నుంచి గణిత పత్రిక మొదలుపెట్టారు. 1930ల మొదట్లో సెంట్ జ్యోర్జి ఆల్బర్ట్ వచ్చాడు. తన దగ్గరున్న పదార్థమే విటమిన్ సి అని తేలాక, అది చాలినంత దొరక్క సతమతమవుతుంటే ఊరి పొలాల్లో పండే పాప్రికా మిరపకాయ అక్కరకొచ్చింది. మిల్లీగ్రాముల్లో వెతుక్కున్నది కిలోల్లో తీశాడు. 1937లో నోబెల్. హంగేరీలో ఉండి చేసిన పనికి వచ్చిన నోబెల్ అది.

నాకు మాత్రం ఆయన తర్వాత చేసిన పనే ముఖ్యం. యుద్ధం నడుస్తున్న సంవత్సరాల్లో, బయటి ప్రపంచంతో సంబంధం తెగిన సెగెద్‌లో, సెంట్ జ్యోర్జి, బంగా ఇలోనా, ష్ట్రౌబ్ బ్రూనో కలిసి కండరం ఎలా ముడుచుకుంటుందో కనిపెట్టారు. కండరంలోంచి తీసిన ప్రొటీన్ పోగుల మీద ఏటీపీ వేస్తే అవి గాజుపలక మీదే ముడుచుకున్నాయి. ఆ పోగుల్లో మైయోసిన్‌తోపాటున్న రెండో ప్రొటీన్‌ను, ఆక్టిన్‌ను, ష్ట్రౌబ్ 1942లో వేరుచేశాడు. ఆ ఏటీపీ ఎక్కడిది? 1929లో జర్మనీలో లోమన్, హార్వర్డ్‌లో ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావు ఎవరికి వారే కండరంలో దాన్ని గుర్తించారు. సుబ్బారావుగారు పుట్టింది భీమవరంలో, కొంతకాలం చదివింది రాజమండ్రిలో. మా గోదావరి జిల్లా మనిషి చేతిమీదుగా వెలుగుచూసిన పదార్థం తిసా ఒడ్డున కండరాన్ని కదిలించింది. ఆ ష్ట్రౌబే తర్వాత మా ఎస్‌బేకాకు మొదటి డైరెక్టరు. ఈ వరస తెలిశాక నేను డోమ్ తేర్ వరండాలో నడిచినప్పుడల్లా పరాయిచోట ఉన్నాననిపించేది కాదు.

ఈ యూనివర్సిటీ చరిత్రలో మచ్చ లేకపోలేదు. కవి యోజెఫ్ అత్తిలా ఇక్కడే చదివాడు. 1925లో ఆకలి, తెగువ కలిసిన ఒక కవిత అచ్చైనందుకు, నువ్వు ఎప్పటికీ ఉపాధ్యాయుడివి కాలేవని ఒక ప్రొఫెసరు ఆయన్ని పంపించేశాడు. ఇప్పుడు దుగొనిచ్ తేర్‌లో ప్రధాన భవనం ముందర ఆయన విగ్రహం ఉంది. 1962 నుంచి దశాబ్దాలపాటు యూనివర్సిటీకి ఆయన పేరే ఉండేది. పిల్లలు ఆ విగ్రహం దగ్గర కూర్చుని శాండ్‌విచ్‌లు తింటారు.

1903లో కట్టిన కొత్త సినగోగు, అంటే యూదుల ప్రార్థనాలయం గురించి రెండు మాటలు చెప్పాలి. లోపలికి వెళ్లగానే నీలిగాజు గుమ్మటం, నక్షత్రాలు, పూలతీగలు. మొక్కల గురించి అపారంగా తెలిసిన లోవ్ ఇమ్మానుయెల్ అనే రబ్బీ ఆ పూలు ఏవేవి ఉండాలో నిర్ణయించాడు. తల దించుకుని బయటికొస్తే ముందుగది గోడలమీద పాలరాతి పలకలు, వాటినిండా పేర్లు. 1944లో రైలెక్కించి పంపితే తిరిగిరానివాళ్లు. ఒకే ఇంటిపేరుతో పైనుంచి కిందికి ఆరేడు పేర్లు కనబడ్డాక నేనింక చదవలేకపోయాను.

తిండి సంగతికొస్తే సెగెద్ అంటే చేపల సూపు, హలాస్లే. చిన్న చేపల్ని ఉల్లిపాయలతో మెత్తగా ఉడికించి, ముళ్లు పోయేలా జల్లెడ పట్టి, ఆ చిక్కటి రసంలో పాప్రికా పొడి వేసి, అప్పుడు పెద్ద కార్ప్ ముక్కలు వేస్తారు. కలపరు, గిన్నెను ఊపుతారు, ముక్క విరగకూడదు. పక్కన చిన్న ప్లేటులో పచ్చిగా కోసిన కారపు మిరపకాయ. నేను దాన్ని మొత్తం వేసుకుని తింటుంటే తాపె గ్రామంలోని హోటల్ యజమాని వంటింట్లోంచి భార్యను పిలిచి చూపించాడు. తాపె ఒకప్పటి జాలరుల పల్లె, జమ్ము చాపల నేతకు పేరు. ఇప్పుడు ఊళ్లో కలిసిపోయింది.

జూలైలో మా ల్యాబ్‌కు దగ్గర్లోని యూనివర్సిటీ బొటానికల్ గార్డెన్‌లో తామరలు పూశాయి. మన తామరే, మన చెరువుల్లో పూసేదే. ఆరుబయట, మంచు కురిసే దేశంలో, చెరువంతా ఆకులు. శీతాకాలంలో పైన గడ్డకట్టినా బురదలో దుంప బతుకుతుందట. జనం టికెట్టు కొనుక్కుని చూడ్డానికి వస్తారు. మా ఇంటావిడను తీసుకెళ్లి, ఈ ఆకులో మేం అన్నం తింటామని చెప్పాను. నమ్మలేదు. మరుసటి వారం తోటమాలిని బతిమాలి ఒక ఆకు తెచ్చి, దాంట్లో పులిహోర పెట్టాను. ఆకు పారేయకుండా ఆరబెట్టి గోడకు తగిలించుకుంది.

అక్టోబరులో 1956 నాటి సంఘటనలకు యాభై ఏళ్లు నిండాయి. హంగేరియన్ తిరుగుబాటు అంటే ప్రపంచానికి బుడాపెస్ట్, అక్టోబరు 23. సెగెద్‌వాళ్లు మాత్రం అక్టోబరు 16 అంటారు. ఆ రోజు యూనివర్సిటీ పెద్ద హాల్లో విద్యార్థులు సమావేశమై, కమ్యూనిస్టు పార్టీ సంఘంతో మాకు పనిలేదు, మా సంఘం మేం పెట్టుకుంటామని తీర్మానించారు. ఆ నిప్పే వారంలోపు రాజధానికి పాకింది. ఆ సభలో కూర్చున్నవాళ్లు కొందరు, జుట్టు నెరిసి, చేతికర్రలతో, ఆ ఏడు వీధుల్లో కనబడ్డారు. మా ల్యాబ్ కుర్రవాళ్లు వాళ్లకు దారిస్తూ లేచి నిలబడ్డారు.

ఎస్‌బేకాలో పనిచేసినంతకాలం నాకు తెలియని పేరు ఒకటుంది. 1985లో పోస్టుకు డబ్బుల్లేక అక్కడినుంచి వెళ్లిపోయిన కారికో కతలిన్. రెండేళ్ల కూతురి ఎలుగుబంటి బొమ్మలో తొమ్మిది వందల పౌండ్లు కుట్టి అమెరికా తీసుకెళ్లిందామె. 2023 అక్టోబరు 2న హైదరాబాదులో టీవీలో ఆమెకు నోబెల్ అని చూసినప్పుడు, నాకు ముందు ఆ కారిడార్ గుర్తొచ్చింది: సెంట్రిఫ్యూజ్ హోరు, గచ్చు మీద ఫినాయిలు వాసన. ఆ రాత్రి సెగెద్‌లోని పాత స్నేహితుడికి ఫోన్ చేశాను. వెనకాల పాటలు వినబడుతున్నాయి. ఊరంతా వీధిలోనే ఉందన్నాడు.

ఇప్పుడు సెగెద్‌లో మెడిసిన్ చదివే తెలుగు పిల్లలున్నారు. మా బంధువుల అమ్మాయి ఒకర్తె అక్కడే మొదటి సంవత్సరంలో ఉంది. మొన్న వీడియోకాల్‌లో ఎక్కడ ఉంటున్నావమ్మా అంటే, "ఊయ్‌సెగెద్ అంకుల్, గట్టు పక్కనే. రాత్రిళ్లు నడవడానికి బావుంటుంది" అంది. కండరాల పాఠం జరుగుతోందట. ఏటీపీ కనిపెట్టిన సుబ్బారావుగారిది భీమవరమని ఎవరో చెప్పారు, నిజమేనా అని అడిగింది. నిజమేనన్నాను. యుద్ధకాలంలో సెంట్ జ్యోర్జి బృందం అచ్చువేసిన కండరం సంపుటాలు లైబ్రరీలో ఉంటాయి, అడిగి చూడు, వెనకాల రెఫరెన్సుల్లో ఫిస్కే పక్కన సుబ్బారావుగారి పేరుందేమో వెతికి ఫోటో పంపమన్నాను. పరీక్షలు అవగానే వెళ్తానంది.